దేవీప్రసాద్ కోసం కట్టిన సైటు

దేవీప్రసాద్ చేసిన పని పగవాడు కూడా చేయడు. గోపాలపట్నంలో ఎవరినైనా నిలబెట్టి అడగండి, దేవీప్రసాద్ మంచివాడనే అంటారు. పెళ్ళి కార్డులకి నాలుగు డబ్బులు తగ్గించి తీసుకుంటాడు, గుడికి చందా ఇస్తాడు, ఎదురొస్తే పళ్ళన్నీ కనబడేలా నవ్వుతాడు. అలాంటివాడే జగ్గారావు నోట్లోంచి వచ్చిన మాటల్ని ఏళ్ళ తరబడి తీసుకుని, చివరికి ఆ మాటలు జగ్గారావుకే అందకుండా తాళం వేశాడు. తాళం వేసిన సంగతి అతనికి తెలీదని కొందరంటారు. మొదట్లో తెలియకపోవచ్చు. చెప్పిన తర్వాత కూడా తియ్యనివాడిని ఏమనాలో చదివేవాళ్ళే తేల్చుకోవాలి.

ఆ ఆదివారం పొద్దున్న జగ్గారావు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఫోను చెవికి ఆనించుకున్నాడు. లోపల అతని భార్య పుష్ప కుట్టుమిషను తొక్కుతోంది. ఫోను అతనికి వార్తలు చదివి వినిపిస్తోంది. హార్బరులో చేపల రేట్లు చెప్పింది, సముద్రంలో వాయుగుండం ఉందని చెప్పింది, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర లారీ బోల్తా పడిందని చెప్పింది. చూపు పోయినవాడికి ఫోను చదివి పెట్టడం మొదట్లో అద్భుతంలా ఉండేది. ఇప్పుడు కాఫీ తాగినంత మామూలైపోయింది.

తర్వాత అతను 'విశాఖ గాలం' అనే సైటు తెరిచాడు. ఫోను చెప్పింది, "చిత్రం." వేలు జరిపాడు. "చిత్రం." ఇంకా జరిపాడు. "చిత్రం. చిత్రం. పేరు లేని బటన్. చిత్రం."

"ఏటంటన్నాది?" అంది పుష్ప మిషను ఆపి.

"చిత్రమంట."

"ఏటి చిత్రం?"

"అదే సెప్పట్లేదు కదే," అన్నాడు జగ్గారావు. ఫోను మోకాలి మీద బోర్లించాడు.

ఆ చిత్రాల్లో ఉన్నది అతని సగం జీవితం. జగ్గారావు ఏడో తరగతితో బడి మానేసి, స్టీలు ప్లాంటులో కాంట్రాక్టరు దగ్గర వెల్డింగు పనిలో చేరాడు. వారమంతా నిప్పురవ్వల ముందు కూచున్నవాడికి ఆదివారం సముద్రం కావాలి. గాలం పట్టుకుని యారాడ రాళ్ళ మీదకో, భీమిలి వైపో పోయేవాడు. పడిన చేప అమ్మేవాడు కాదు. ఇంటికో, ఇరుగుపొరుగుకో. అదొక సరదా, అంతే. ఏ నెలలో పార చేప రాళ్ళ దగ్గరికి వస్తుంది, కోనెం ఏ ఎరకి ఎగబడుతుంది, ఏ రాయి మీద నిలబడితే కెరటం మనిషిని లాక్కుపోతుంది అని, తోటి సరదాగాళ్ళు అడిగితే దాచుకోకుండా చెప్పేవాడు.

ఆ సరదాగాళ్ళలో ఒకడు దేవీప్రసాద్. గోపాలపట్నం మార్కెట్లో అతనికి డీటీపీ షాపుంది. పెళ్ళి కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, చనిపోయినవాళ్ళ బేనర్లు. "బావా, నువ్వు సెప్పు, నాను కొడతాను. మనిద్దరం కలిసి సైటు పెడదాం," అన్నది అతనే. జగ్గారావు పొంగిపోయాడు. సాయంత్రాలు షాపులో స్టూలు మీద కూచుని చెప్పేవాడు, దేవీప్రసాద్ టకటకా కొట్టేవాడు.

ఇక్కడే ఉంది అసలు తప్పు. దేవీప్రసాద్‌కి వచ్చిన టైపింగు పెళ్ళి కార్డుల టైపింగు. ఆ పాత డీటీపీ అక్షరాలు అతని కంప్యూటరులోనే తెలుగు, ఇంకెక్కడ తెరిచినా అర్థం లేని ఇంగ్లీషు ముక్కలు. అందుకని ఒక్కో పేజీనీ ఫోటో కింద మార్చి సైటులో ఎక్కించేవాడు. చుట్టూ గులాబీల అంచు, పైన బంగారు రంగు, కింద మూలన కళ్ళజోడుతో దేవీప్రసాద్ బొమ్మ. మన ఊళ్ళలో కార్డు కొట్టేవాళ్ళు సైటు పెడితే ఇలాగే ఉంటుంది. చూసేవాళ్ళకి అక్షరాలు కనిపిస్తాయి. ఫోనుకి మాత్రం అక్కడ అక్షరమే లేదు, ఒక బొమ్మ ఉంది.

"మామూలు అచ్చరాలు పెట్టొచ్చు కదా," అని అప్పట్లోనే ఎవరో అడిగారు.

"అచ్చరాలు పెడితే ఎవడో ఎత్తుకుపోతాడు. బొమ్మయితే ఎవడూ పీకలేడు," అన్నాడు దేవీప్రసాద్. ఆ తెలివికి జగ్గారావు కూడా తలూపాడు. అప్పటికి అతని కళ్ళు బాగానే ఉన్నాయి.

తర్వాత సుగరు కళ్ళకి పాకింది. ముందు రాత్రి పూట మసకలు, తర్వాత పగలు కూడా. ఆపరేషన్లయ్యాయి. ఇప్పుడు వెలుగు తెలుస్తుంది, ఎదురుగా మనిషి నిలబడితే నీడలా తెలుస్తుంది, అంతే. వెల్డింగు పోయింది. ఒంటరిగా రాళ్ళ మీదకి పోవడం పోయింది. ఇన్నేళ్ళూ చెప్పిన మాటలైనా తిరిగి వినాలని అతని కోరిక. విని, తప్పులుంటే దిద్దాలి. కొన్ని రాళ్ళు విరిగిపోయాయి, కొన్ని చోట్ల లోతు మారింది. పాత మాట నమ్మి ఎవడైనా అక్కడ నిలబడితే ప్రాణం మీదకొస్తుంది. మాట తనది. ఆ బాధ్యతా తనదే.

అందుకే ఆ సాయంత్రం పుష్ప చెయ్యి పట్టుకుని దేవీప్రసాద్ షాపుకి వెళ్ళాడు. షాపులో కార్డుల కోసం వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు.

"రా బావా, రా. సెల్లీ, కూకో," అన్నాడు దేవీప్రసాద్.

జగ్గారావు కూచోలేదు. "ప్రసాదూ, మన సైటులో రాసిందంతా మామూలు అచ్చరాల్లో పెట్టాల్రా. నా ఫోను సదవలేకపోతన్నాది."

"మొత్తమా? నీ ఒక్కడి కోసం అదంతా మళ్ళీ టైపు సెయ్యాలా బావా? ఎన్ని పేజీలున్నాయో తెల్సా నీకు?"

"తెల్సు. సెప్పింది నానే కదా."

వచ్చినవాళ్ళలో ఒకడు నవ్వాడు. దేవీప్రసాద్ కూడా నవ్వాడు. "సెల్లి కుట్టుమిషను కాడ కూకుని సదివి ఇనిపిత్తాది కదా. అయినా బావా, కోపం తెచ్చుకోకు, నీకిప్పుడు గాలం సైటేటి సెప్పు. ఎల్లి రాళ్ళ మీద నిలబడతావా ఏటి?"

"నిలబడేవోళ్ళ కోసమేరా."

"నిలబడేవోళ్ళకి కళ్ళున్నాయి కదా బావా," అన్నాడు దేవీప్రసాద్, చాలా మెత్తగా. షాపులో ఇంకోసారి నవ్వు వినిపించింది.

దారిలో పుష్ప ఏదో చెప్పబోయింది. జగ్గారావు, "ఊరుకో," అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. అతని కడుపులో పడిన నిప్పు వెల్డింగు నిప్పులా మాస్కు పెట్టుకుంటే ఆగేది కాదు. దేవీప్రసాద్ సైటుని తలదన్నే సైటు పెట్టాలి. అది చూసి వాడు కుళ్ళి చావాలి. తెల్లారేసరికి ఆలోచన ఇంతకి వచ్చి ఆగింది.

ఆ తెల్లారిన ఆలోచనలో ఫోను చదవడం అన్న ముక్క లేదని పాఠకులు గమనించాలి. అతను గమనించలేదు.

సైటులు కట్టే ఆఫీసు ఒకటి మెయిన్ రోడ్డు మీద మేడపైన ఉంది. ఆఫీసు నడిపేవాడు సాయిశంకర్. ముప్పై దాటిన వయసు, మర్యాదస్తుడు. ఏసీ గదిలో కూచోబెట్టి టీ ఇప్పించి, కాగితం పెన్ను తీసుకున్నాడు.

"సైటు ఎవరి కోసమండీ? ఎవరు చూస్తారు?" అని అడిగాడు. ఎవరినైనా అడిగే మొదటి ప్రశ్న అదే.

"దేవీప్రసాద్ చూడాలి," అన్నాడు జగ్గారావు.

"ఆయనెవరండీ?"

"డీటీపీ షాపోడు. వాడి సైటు కంటే మనది గొప్పగా ఉండాలి. చూసినోడికి కళ్ళు తిరగాలి."

సాయిశంకర్ పాత సైటు తెరిచి చూసి, "దీనికంటే గొప్పగా ఉండడం పెద్ద కష్టం కాదండీ," అన్నాడు. "లోపల రాసిన విషయం మీరు కొత్తగా ఇస్తారా?"

"కొత్తగా ఎందుకు. ఆ మాటలు నావే. ఎత్తెయ్యండి. మూలనున్న వాడి బొమ్మ కోసీసి నా బొమ్మెట్టండి."

సాయిశంకర్ రాసుకున్నాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. అడిగింది అడిగినట్టు చేశాడు. చూపు లేని మనిషి ఎదురుగా కూచుని సైటు కట్టమంటే, చూపు లేనివాళ్ళు దాన్నెలా వాడతారని ఆ గదిలో ఒక్కరికీ తోచలేదు. జగ్గారావుకి కూడా.

డబ్బు కోసం కొత్తవలస అవతల ఊళ్ళో తండ్రి ఇచ్చిన జీడి తోటలోంచి ఒక ముక్క తెగనమ్మాడు. పుష్ప ఏడ్చింది, తిట్టింది, రెండు పూటలు వంట మానేసింది. "ఆడి మీద కోపానికి మన తోట అమ్ముతావేటి? ఆడికేటి పోయింది?" అంది.

"పోతాది సూడు," అన్నాడు జగ్గారావు.

సైటు తయారవుతున్నన్నాళ్ళూ పుష్పని వెంటబెట్టుకుని ఆఫీసుకి పోయేవాడు. బయటి ఫోన్లలో ప్రారంభం రోజు దాకా తెరుచుకోదని, వాళ్ళ కంప్యూటరులోనే చూడాలని సాయిశంకర్ చెప్పాడు. పుష్ప చూసి చెప్పేది. కెరటాలు కదులుతున్నాయంది. చేప ఎగిరి పడుతోందంది. నీ పేరు బంగారు అక్షరాల్లో వెలుగుతోందంది. చెప్పగా చెప్పగా ఆమెకి కూడా కొంత ఉత్సాహం వచ్చింది.

"ఆడిదాని కంటే బాగున్నాదా?" ఇదొక్కటే అతను ప్రతిసారీ అడిగేది.

"ఆడిది దీని ముందు ఏటీ కాదు," అనేది పుష్ప. అది విని అతను కడుపు నిండినట్టు నవ్వేవాడు.

ప్రారంభం గోపాలపట్నంలోనే, ఒక చిన్న ఫంక్షన్ హాలు మేడ మీద పెట్టాడు. గాలం వేసే సరదాగాళ్ళంతా వచ్చారు. రైల్వేలో పనిచేసే జ్ఞానశేఖర్ వచ్చాడు. జగ్గారావు కళ్ళు బాగున్నప్పుడు భీమిలి రాళ్ళ మీద పక్కన నిలబడేవాడు అతనే. తన అక్క రోజలిన్‌ని కూడా తీసుకొచ్చాడు. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు. చూపు లేనివాళ్ళకి ఫోను, కంప్యూటరు నేర్పడం ఆమె ఉద్యోగం. ఆమె చెయ్యి పట్టుకుని నేర్చుకున్నవాళ్ళు పెందుర్తి నుంచి జాలరిపేట దాకా ఉన్నారు. దేవీప్రసాద్‌ని మాత్రం జగ్గారావే స్వయంగా ఫోను చేసి పిలిచాడు. ముందు వరసలో మధ్య కుర్చీ వేయించాడు. వాడి ముఖం మాడిపోవడం తనకి కనబడకపోయినా, పుష్ప చూసి చెబుతుంది.

తెర మీద సైటు వెలిగింది. హాలంతా చప్పట్లు. "ప్రసాద్ మొకం ఎలాగున్నాది?" అని భార్య చెవిలో అడిగాడు. "నల్లగా అయిపోనాది," అంది పుష్ప. ఇన్నాళ్ళకి జగ్గారావు గుండెల్లో మంట చల్లారింది.

మైకు తీసుకున్నాడు. "ఈ సైటు తెరిచి నా మాట నానే ఇంటాను. మీరు కూడా ఇనండి," అని, ఫోను మైకు దగ్గర పెట్టి వేలితో తాకాడు.

ఫోను గట్టిగా, హాలంతా వినబడేలా చెప్పింది. "పేరు లేని బటన్."

వేలు జరిపాడు.

"చిత్రం."

ఇంకోసారి జరిపాడు.

"చిత్రం. చిత్రం. పేరు లేని బటన్. చిత్రం."

జగ్గారావు వేలు తుడుచుకుని మళ్ళీ తాకాడు. ఫోను మళ్ళీ అదే మాట చెప్పింది. వెనక ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. పుష్ప లేచి ఫోను తీసుకోబోయింది. అతను ఇవ్వలేదు.

అప్పుడు ముందు వరసలోంచి దేవీప్రసాద్, షాపులో మాట్లాడిన అదే మెత్తటి గొంతుతో అన్నాడు. "నా సైటు కూడా అదే అంటాది కదా బావా. దానికి ఇంత ఖర్చెందుకు?"

ఈసారి హాలు మొత్తం నవ్వింది. ఆ నవ్వులో దుర్మార్గం లేదు, జనం అలా నవ్వుతారు. కానీ జగ్గారావుకి నేల కుంగిపోయింది. ఏ మనిషిని నలుగురిలో కాల్చాలనుకున్నాడో, ఆ మనిషి ముందే తను కాలిపోయాడు. ఆ కట్టెలు కూడా తన డబ్బుతో కొన్నవే.

నవ్వు ఆగేదాకా ఆగి, రోజలిన్ తమ్ముడి భుజం పట్టుకుని లేచి వచ్చింది. "ఆ మైకు ఇటివ్వండి జగ్గారావు గారూ," అంది. అతను ఇచ్చాడు.

"సాయిశంకర్ గారూ, మీరెక్కడున్నారు?" అని అడిగింది.

"ఇక్కడేనండీ."

"ఈ సైటుని చూపు లేనివాళ్ళ చేత ఒకసారైనా వాడించి చూశారా?"

"లేదండీ. ఆయన అడగలేదు. దేవీప్రసాద్ గారి సైటు కంటే బాగుండాలన్నారు. అలాగే చేశాం."

"మరి బాగానే చేశారు. దేవీప్రసాద్ గారు చూడ్డానికి కట్టారు, దేవీప్రసాద్ గారికి బాగా కనబడుతోంది." ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. "దేవీప్రసాద్ గారూ, మీరు నవ్వారు. మీ సైటు దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. నా తమ్ముడు ఆదివారం రాళ్ళ మీదకి పోతే, ఎక్కడ ప్రమాదమో తెలుసుకుందామని తెరిచేదాన్ని. నాకూ చిత్రం చిత్రం అనే వినబడేది. మీరిద్దరూ గొడవపడ్డారు, బాగుంది. మధ్యలో నాలాంటివాళ్ళం ఎవరికి గుర్తొచ్చాం?"

హాలు వైపు తిరిగి మళ్ళీ అంది. "చూపు లేనివాళ్ళే కాదు. చదువు రాని గంగపుత్రులున్నారు, ఫోను చదివితే వింటారు. చేతులు వణికే పెద్దవాళ్ళున్నారు, ఆ బుల్లి బటన్లు నొక్కలేరు. చవక ఫోనున్న కుర్రాళ్ళున్నారు, ఈ ఎగిరే చేప రావడానికే వాళ్ళ డేటా అయిపోతుంది. అక్షరాన్ని అక్షరంగా పెట్టండి. బటనుకి పేరు పెట్టండి. బొమ్మ పెడితే అందులో ఏముందో ఒక వాక్యం రాయండి. దీనికి బంగారు రంగు అక్కర్లేదు. అవతల మనిషున్నాడన్న ఎరుక ఉంటే చాలు." మైకు తిరిగి జగ్గారావు చేతిలో పెట్టి, చిన్నగా అంది. "నిన్న మొన్నటిదాకా మీరూ మాలాగే తలుపు మూసిన సైటు బయట నిలబడ్డారు కదండీ. మీ చేత్తో కట్టేటప్పుడు మీరెలా మర్చిపోయారు?"

జగ్గారావు మైకు కట్టేశాడు.

ఆ తర్వాత అతను రోజలిన్ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఫోనుకి చెబితే ఫోనే మామూలు తెలుగు అక్షరాలు రాసుకుంటుందని ఆమె నేర్పింది. పాత మాటలన్నీ మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. కొన్ని మార్చాడు, విరిగిన రాళ్ళ సంగతి చేర్చాడు. ప్రతి పేజీనీ ముందు తను విన్నాడు, తర్వాత రోజలిన్ దగ్గర చదువుకునేవాళ్ళు విన్నారు. ఎక్కడ ఆగిపోతే అక్కడ దిద్దారు. తెల్ల కాగితం లాంటి పేజీ, నల్ల అక్షరాలు, పెద్ద బటన్లు. సిగ్నలు ఒక్క గీతే వచ్చే యారాడ రాళ్ళ మీద కూడా తెరుచుకుంది. ఈసారి సాయిశంకర్‌తో పని పడలేదు, రోజలిన్ దగ్గర నేర్చుకున్నవాళ్ళే సైటు కట్టిపెట్టారు. ఎగిరే చేప ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు.

మొదటిరోజు ఫోను అతని మాట అతనికి వినిపించింది. "ఆషాఢంలో ఈ రాయి మీద నిలబడకండి. నీళ్ళు అడుగున లాగుతాయి." జగ్గారావు ఆ రెండు ముక్కలూ మళ్ళీ మళ్ళీ విన్నాడు. పుష్ప మిషను ఆపి వింది.

పార చేప గురించి ఎవరు ఫోనులో వెతికినా ఇప్పుడు జగ్గారావు పేజీయే వస్తుంది. ఫోనులో వెతికిపెట్టే యంత్రం కూడా బొమ్మల్లో ఉన్న మాటల్ని చదవలేదట. దేవీప్రసాద్ సైటుకి పోయేవాళ్ళు తగ్గిపోయారు. అది విని జగ్గారావు సంతోషించాడు. సంతోషించలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఒకరోజు దేవీప్రసాద్ ఇంటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"బావా, రోజలిన్ గారికి సెప్పి నా సైటు కూడా అలాగ మార్పించవా?"

"ఆవిడ ఎవరడిగినా నేర్పుతాది. డబ్బు కూడా తీసుకోదు. ఎల్లి అడుగు," అన్నాడు జగ్గారావు. "నన్ను మాత్రం బావా అనకు."

దేవీప్రసాద్ వెళ్ళి నేర్చుకున్నాడో లేదో జగ్గారావు కనుక్కోలేదు. కక్ష అతనికి ఈనాటికీ తీరలేదు. కాకపోతే, కక్ష తీర్చుకోవడానికి కట్టినది పగవాడి కళ్ళకే సరిపోతుందని, మనిషికి పనికిరావాలంటే అందరికంటే వెనకబడ్డవాడి చేతికి ముందుగా ఇచ్చి చూడాలని అతనికి తెలిసొచ్చింది. ఆ ఒక్క మాట తెలియడానికి జగ్గారావు పోగొట్టుకున్నది, కొత్తవలస అవతల, కాపుకొచ్చిన జీడి చెట్లతో సహా, నాలుగున్నర సెంట్ల భూమి.